ట్రాక్టరు మీమాంసకులు

ప్రతి గ్రామమునందును తానొక్క గోడయు కట్టకుండ ఊరివారి గృహములకెల్ల వాస్తువు చెప్పు పెద్దమనిషి యొకరుందురు. పలనాటి సీమలో, అందును మా బెల్లంకొండ ప్రాంతమున, ఈ మహాజాతికి ఇటీవల మరియొక శాఖ మొలిచినది: తాము ట్రాక్టరు కొనకయే, కొనదలచిన వారికందరికిని ఏది కొనవలెనో, అంతకంటె విస్తారముగా ఏది కొనరాదో, ఉపదేశించు మీమాంసకుల శాఖ. దీనికి మూలపురుషులు మా మేనమామగారు. ఈ మాట వ్రాసినందుకు ఆయన నొచ్చుకొనరు. తన సంగతి అచ్చులో వచ్చినదన్న సంతోషమున తుదివరకు చదివి, హార్సుపవరు అంకె యెక్కడనైన తప్పుపడినదేమోయని వెదకుదురు. అందుచేత నేను జాగ్రత్తగనే వ్రాయుచున్నాను.

బెల్లంకొండ దుర్గపు కొండ కనబడునంత దూరమున ఆయనకు కొంత నల్లరేగడి కలదు. అందు మిరప, ప్రత్తి మార్చి మార్చి వేయుదురు. ఎడ్లజత యున్నంతకాలము సాళ్ల నడుమ గుంటక తోలుటకు చింత యుండెడిది కాదు. ఎడ్లు పోయినవి, అరక కట్టువారు ముసలివారైరి, కలుపునకు కూలిమనిషి దొరకుట దుర్లభమైనది, పెద్ద ట్రాక్టరును తోటలోనికి దింపినచో అది కలుపును మిరపను సమదృష్టితో చూచును. ఇట్టి సంకటసమయమున 11 మొదలు 30 హార్సుపవరు లోపు గల పొట్టిబండి, మావారి వాడుకలో మినీ ట్రాక్టరు, చిన్నరైతుకు దిక్కైనది. అట్టిదొకటి తనకు కావలెనని మామయ్యయు ఒప్పుకొందురు. కావలెనన్న అంశమున వివాదము లేదు. ఏది యన్నచోటనే శాస్త్రము మొదలగును.

ఈ శాస్త్రము ఆయనకు పితృదత్తము. మా తాతగారు ఎడ్లపరీక్షలో దిట్ట. ఒంగోలు జాతి కోడె కంటబడినంతనే మూపురము, గంగడోలు, గిట్టలు, తోక కుచ్చు, అన్నిటికంటె మిన్నగా మేనిమీది సుడులు, ఏ సుడి యెక్కడనున్న యజమానికి మేలో, ఎక్కడనున్న కీడో, నిలుచున్నపాటున చెప్పెడివారట. ఎడ్ల కాలము గతించినను ఆ కన్ను వంశమునుండి గతించలేదు. షోరూములో అడుగిడినంతనే మామయ్య యంత్రము చుట్టును ఒక ప్రదక్షిణము చేయుదురు. బానెట్టుపై అరచేతితో రెండు దెబ్బలు వేసి ఆ ధ్వనిని చెవియొగ్గి వినుదురు. గిట్టలు చూచినట్లు వంగి టైరు పట్లు చూతురు. వెనుకకు పోయి లిఫ్టు చేతులను తోకవలె ఎత్తి విడుతురు. పండ్లు చూచుటకు వీలులేదు గనుక గేర్లు వేసి చూతురు. ఇంతయు ముగిసిన పిదప, బండికి రెండడుగుల దూరమున నిలిచి, "ముందు భాగం తేలిగ్గా ఉందే" అని పెదవి విరతురు. ఆ ఒక్క వాక్యముతో బేరములో డీలరు సగము ఓడిపోవును.

తాతగారి నాడు ట్రాక్టరు విషయమున ఇట్టి మీమాంసకు తావే లేదు. ఫరీదాబాదులో ఐషరువారును, మద్రాసులో టాఫేవారును 1960 ప్రాంతమున తయారీకి పూనుకొనిరి గాని, పుట్టు బండ్లు కొలది, కోరు రైతులు మెండు. సొమ్ము కట్టి పేరు వ్రాయించుకొని దీర్ఘకాలము నిరీక్షించినవారికి దొరికినదే బ్రాండు, ఇచ్చినవాడే డీలరు. 1974లో దుర్గాపురపు పరిశోధనాలయమున రూపుదిద్దుకొన్న దేశీయయంత్రము స్వరాజ్ 724 పంజాబునుండి వెలువడినది. ఇప్పుడో, సంఖ్యను బట్టి ప్రపంచమున నెల్ల ఎక్కువ ట్రాక్టర్లు చేయు దేశము మనది. ఎన్నుకొనుటకు ఏమియు లేని నాడు మా తాతగారు సుఖముగ నిదురించిరి. ఎన్నుకొనుటకు ఇన్ని గల నేడు మా మామయ్యకు నిదుర లేదు. ఆయన ప్రక్కన మంచము వేసికొన్నవారికి అంతకంటె లేదు.

నాకీ సంగతి అనుభవముననే తెలిసినది. ఆయన పడకగదిలో ఒక ఇనుప ట్రంకుపెట్టె కలదు. పూర్వము అత్తయ్య పట్టుచీరలుండిన ఆ పెట్టెలో ఇప్పుడు సర్వ కంపెనీల రంగు కాగితములు, కొటేషనులు దొంతరలుగా పేర్చియున్నవి; చీరలు బీరువాపై అట్టపెట్టెలో కాపురము చేయుచున్నవి. దీపమార్పిన పిమ్మట చీకటిలో ఆయన కంఠస్థముగ చదువుదురు: "యువరాజ్ 215, పదిహేను హార్సుపవరు, ఒంటి సిలిండరు. వీఎస్టీ శక్తి, బెంగుళూరు బండి, మిత్సుబిషి విద్య, మూడు సిలిండర్లు. కుబోటా నియోస్టారు, ఇరవయ్యొకటి, నాలుగు చక్రాలకీ ఊపు. జీవో 245, ఇరవైనాలుగు, రెండే సిలిండర్లు, ఏడొందల యాభై కిలోలు లేపుద్ది. ఇప్పుడు చెప్పు అల్లుడూ, ఏది?"

"ఏదైతే ఏముంది మామయ్యా, అన్నీ దున్నుతయ్ గదా" అని, నిద్రమత్తులో, ఒకానొక రాత్రి నేనంటిని. ఆనాటినుండి బంధువర్గమున నాకొక ఖ్యాతి స్థిరపడినది. పెండ్లిపందిళ్లలో, పెద్దకర్మ భోజనములలో, రచ్చబండ దగ్గర, మామయ్య నన్ను చూపి జాలిగ చెప్పుదురు: "మావాడు చదువుకున్నాడు గానీ, పీటీవో అంటే ఏందో తెలియదు." ఈ వ్యాసమునకు హేతువు ఆ వాక్యమే. పీటీవో యనగా ఏమో ఇప్పుడు నాకు తెలియును. ఇంజను బలము వేరు, బండి వెనుక తిరుగుచు రోటావేటరును, మందుకొట్టు యంత్రమును త్రిప్పు ఇరుసునకు చేరు బలము వేరు. కాగితముపై పెద్ద అక్షరములలో నుండునది మొదటిది, పొలములో పనికివచ్చునది రెండవది. ఆ ఇరుసు నిమిషమునకు 540 చుట్లు తిరుగునపుడు అందు బలమెంతయని అడుగవలెను గాని, ఊరక ఎన్ని హార్సుపవరులని అడుగరాదు. మామయ్యా, చిత్తగించుడు.

ఒకమారు నేనును ఆయన వెంట ఒక షోరూమునకు పోయితిని. సేల్సు కుర్రవాడు పనికి క్రొత్త, మీసమింకను కుదురుకొనలేదు, మమ్ము కూర్చుండబెట్టి మజ్జిగ తెప్పించి, వినయముగ, "ఎంత పొలం బాబాయ్?" అనెను.

"పొలం సంగతి తర్వాత. బుద్నీ రిపోర్టు చూపియ్యి."

కుర్రవాడు కొంతసేపాలోచించి, "బుద్నీ అంటే... ఫైనాన్సా బాబాయ్?" అనెను.

మామయ్య నావైపు చూచిన చూపులో, నాకంటె అజ్ఞుడొకడు లోకమున గలడన్న ఆశ్చర్యము స్ఫుటముగ గోచరించినది. మధ్యప్రదేశమున నర్మదాతీరపు బుద్నిలో ట్రాక్టర్లను పరీక్షించు కేంద్రప్రభుత్వ సంస్థ 1955 నుండియు కలదు. కంపెనీవారు అచ్చువేసిన బలమెంత, కొలతకు తేలిన బలమెంత, బండి త్రాగు డీజిలెంత, లిఫ్టు నిజముగ నెంత బరువెత్తును, బ్రేకు త్రొక్కిన పిదప ఎంత దూరమున నిలుచును మున్నగునవి అందలి నివేదికలలో నుండును. మన అనంతపురము జిల్లా గార్లదిన్నెలోను వ్యవసాయ యంత్రములకట్టి కేంద్రసంస్థ యొకటి కలదు. ఈ నివేదికలను మామయ్య మనుమనిచేత ఫోనులో తీయించి, అర్థము చెప్పించుకొని, ముఖ్యమైన అంకెలను గోడ క్యాలెండరు వెనుక వ్రాసికొన్నారు. ఆ విద్యను ఆనాడు ఆ కుర్రవానికి ఆమూలాగ్రముగ బోధించిరి. మధ్యాహ్నమైనది, నా కడుపులో మజ్జిగ తప్ప వేరొండు లేదు, కుర్రవాడు కొటేషను పుస్తకము వెనుక నోట్సు వ్రాసికొనుచుండెను. తరువాత వాడు వేరొక కంపెనీకి మారి మంచిపేరు తెచ్చుకొనెనని విన్నాను. సందేహము కలిగినపుడు నేటికిని మామయ్యకే ఫోను చేయునట.

ఆవరణలోని సిమెంటు నేలపై బండి నడిపి చూపుదుమన్నారు. మామయ్య అంగీకరింపలేదు. "మీ సిమెంటు మీద మా మనవరాలి మూడు చక్రాల సైకిలు కూడా బ్రహ్మాండంగా పోద్ది. మా రేగట్లోకి తే. వాన పడ్డ మూడో రోజు తే. అప్పుడు కూరుకుపోకుండా ముందుకి కదిల్తే మాట్లాడుకుందాం." ఈ కోరికలో లోపమేమియు లేదు. నల్లరేగడి తడిసినపుడు చక్రమును పట్టుకొని విడువదు, ఎండినపుడు బీటలిచ్చి నిలువదు. అట్టి నేలపై బండి బరువెంత యుండవలెనన్నది నిజముగ పెద్ద ప్రశ్నయే. బరువు చాలకున్న చక్రము జారును, మించిన నేల గట్టిపడును. డీలరు ఒప్పుకొన్నారు. బండి వచ్చు రోజున వాన మూడవ దినము దాటి నాలుగవ దినమైనదని మామయ్య త్రిప్పి పంపిరి.

ఇంతటితో ముగియునా? సాలు మీమాంస మిగిలియున్నది. 2021లో స్వరాజ్‌వారు కోడ్ అను పేర 11 హార్సుపవరు బుల్లిబండిని విడుదల చేసిరి. తోటలకై, కూరమళ్లకై ఉద్దేశించినది. దాని వెడల్పు 890 మిల్లీమీటర్లు. మామయ్య మిరప సాలుకు సాలుకు మూడడుగులు, అనగా 914. తీసివేయగా మిగిలినది అంగుళమైనను లేదు. "ఆ అంగుళంలో మొక్క ఎటు తప్పుకోవాలి అల్లుడూ? కొమ్మలు చాపుకోదా?" అట్లయిన సాళ్లను నాలుగడుగులకు విడదీయుడంటిని. పాదులు తగ్గునన్నారు. పాదులు తగ్గినను చెట్టు విరివిగా కాచునట గదా యంటిని. "అయితే మరి నాలుగడుగుల సాలుకి ఇంకాస్త పెద్ద బండే పడుద్ది గదా, ఈ చిన్నది ఎందుకు?" అనిరి. ట్రాక్టరును బట్టి సాలు పెట్టవలెనా, సాలును బట్టి ట్రాక్టరు కొనవలెనా యను ఈ తర్కము తెగకమునుపే నారు ముదురుచుండును. ఎప్పటివలె మూడడుగులకే నాట్లు పడును. ఆ యేటికి వ్యవహారము వాయిదాపడును.

బేరమునందు ఆయన ధోరణి వేరు. కోహినూరు దొరికినదని చెప్పు కొల్లూరు మా మండలములోనిదే. నేడు పులిచింతల జలాశయపు నీటిలో మునిగియున్నది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదునేడవ శతాబ్దిలో ఆ గనిని చూచి వ్రాసెను. దక్కను గనుల దగ్గర వజ్రవర్తకులు వస్త్రము మాటున చేతులు కలిపి, వ్రేళ్లు నొక్కి, పెదవి కదపకుండ ధర తేల్చుకొనెడివారని ఆయన వ్రాతలవలన తెలియుచున్నది. అట్టి నేలకు చేరువనే పుట్టియు మామయ్యకు ఆ మౌనవిద్య అబ్బలేదు. టాపు బండి ధరలోనిదా, పైదా. బంపరు, డ్రాబారు, టాప్‌లింకు ఎవరి ఖాతా. బీమా ఎంత, రిజిస్ట్రేషను ఎంత, ఆ రెంటినడుమ "ఇతరములు" అని వ్రాసిన అంకె యెవరికి పోవును. ఇవన్నియు వీథి చివర టీకొట్టువాడు వినునట్లు అడిగి, ప్రతి సమాధానమును కొటేషనుపై వ్రాయించి, క్రింద సంతకము పెట్టించి, నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొని, "సరే, ఇంటికెళ్లి ఆలోచించుకుంటాం" అని లేతురు. ట్రంకుపెట్టె మరికొంత బరువెక్కును.

ఇంతవరకు నవ్వితిని గాని, డీలరు విషయమున ఆయన సిద్ధాంతము ముందు నేను తలవంచుదును. బ్రాండు కంటె డీలరు ముఖ్యమని అందరును అందురు. డీలరనగా ఎవరో చెప్పినవారు మామయ్య యొక్కరే. "కంపెనీ ఎక్కడో ఉంటది అల్లుడూ, మొహాలీలోనో ఒసాకాలోనో. తోటకి మందు కొట్టే రోజున బండి ఆగితే ఒసాకావాడొస్తాడా? డీలరు రావాలి. డీలరంటే అద్దాల గదిలో ఏసీ కింద కూర్చున్నాయన కాదు. వెనక షెడ్డులో పానా పట్టుకున్న కుర్రాడు." అందుచేత ఆయన ముందుగుమ్మమున ప్రవేశింపరు. వెనుకనున్న షెడ్డునకు పోయి, మెకానిక్కునకు టీ చెప్పి, అచట నిలిచిన బండ్లపై దుమ్మెంత మందమున పేరుకొన్నదో చూతురు. దుమ్ము పలుచనైన పని జరుగుచున్నదనియు, మందమైన విడిభాగము రాలేదనియు భావము. ఆయిలు ఫిల్టరు, డీజిలు ఫిల్టరు, క్లచ్చి ప్లేటు, ఫ్యాను బెల్టు అరలో నున్నవా, "రేపు వస్తయ్" అను మాటలో నున్నవా అని విచారింతురు. 50 గంటలకు చేయు తొలి సర్వీసుకు మనిషి పొలమునకు వచ్చునా, బండియే పట్నమునకు పోవలెనా అని అడుగుదురు. బండి కొన్నవారిని వాకబు చేయుటలోను ఒక నియమము కలదు: క్రిందటి నెలలో కొన్నవారిని అడుగరు, రెండు మిరపపంటలు గడచినవారినే అడుగుదురు. "కొత్త అల్లుడి గుణం, కొత్త బండి గుణం మొదటి ఏడు తెలియవు" అని ఆయన సూక్తి. అల్లుడనని నన్ను చూచియే చెప్పుదురు.

అప్పు కాగితముల దగ్గర ఆయన మరియు కఠినులు. వడ్డీ తీరినకొలది తగ్గు లెక్కయా, మొత్తము అసలుపై తుదివరకు సాగు లెక్కయా అని తేల్చనిదే ఎవరిని సంతకము చేయనీయరు. ఖాళీగడులున్న ఫారమును చూచినచో కలమును లాగికొందురు. ఆయన వెంటబోయినందున, తెలియక పడవలసిన గుంటలో పడకుండ బయటపడినవారు మా చుట్టుప్రక్కల గ్రామములలో పెక్కుమంది కలరు. వారందరి యిండ్ల ముందు నేడు బండ్లున్నవి. మామయ్య యింటి ముందు తులసికోట యున్నది.

ఆయన కొనకపోవుటకు కారణములు కాలానుగుణముగ మారుచుండును. 2023 ఆగస్టు 15వ తేదీన మహీంద్రావారు కేప్‌టౌనులో ఓజా బండ్లను ప్రపంచమునకు చూపిరి. అవి మన జహీరాబాదులోనే తయారగునని విని మామయ్య పొంగిపోయి, "మొదటి విడత బండి ఎప్పుడూ కొనగూడదు, రెండేళ్లు పోనీ" అనిరి. రెండేండ్లు పోయినవి. ఈలోపున పన్ను తగ్గునన్న వార్త పుట్టినది, తొందరపడి నష్టపోవుటెందుకనిరి. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతము నుండి 5 శాతమునకు దిగినది. ఇక నిరాకరించుటకు వీలులేదని మేమందరము ఆయన ముఖము చూచితిమి. "ఇప్పుడందరూ ఎగబడతారు. షోరూమోడు మన మాట వినడు. రద్దీ తగ్గనీయండి" అనిరి. శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిపై నడచిన దండయాత్రలో వినుకొండ, బెల్లంకొండ మున్నగు దుర్గములను వరుసగా పట్టుకొని 1515లో కొండవీటిని సాధించెను. ఇన్ని కోటల భవితవ్యము ఒక్క దండయాత్రలో తేలిన సీమలో ఒక్క పొట్టిబండి సంగతి తేలకపోవుట చరిత్రవిరుద్ధమని నేను విన్నవించితిని. "ఆయనకి కంతులు కట్టే పని లేదు గదా" అనిరి మామయ్య.

ఆ సమాధానమున పరిహాసముతోపాటు మరియొకటి కూడ ధ్వనించినదని నాకు తోచినది. మిరప ఒక యేడు బంగారము పండించును, మరుసటి యేడు కోతకూలికైన చాలదు. ఆరునెలల కంతు మాత్రము యేటేట తప్పక వచ్చును. ఫైనాన్సువారు వాకిటినుండి బండిని తోలుకొనిపోవుట ఆయన చూచినవారు. ముందుభాగము తేలిక యనియు, అంగుళము చాలదనియు, నాలుగవ దినము వానయనియు ఆయన పెట్టు పేచీలలో సగము, ఈ భయమునకు తొడిగిన చొక్కాలేమోయని నా అనుమానము. మిగిలిన సగము కేవలము వినోదమే. అందు సందేహము లేదు. ఆయన సాహచర్యమున నాకును ఆ గాలి సోకినది. రహదారిపై చిన్నబండి యెదురైనచో, నడుపువాని ముఖము చూడక వెనుక లిఫ్టు చేతులవైపు చూచుట నాకిప్పుడు అలవాటైనది.

అత్తయ్యకు మాత్రమీ వేదాంతముతో పనిలేదు. "మీ మామయ్య ట్రాక్టరు కొనేటప్పటికి మిరపకాయలు వాటంతటవే నడిచి గుంటూరు యార్డుకి పోతయ్ నాయనా" అని ఆమె తీర్పు. అంతవరకును ప్రక్కపొలము రైతు బండియే గతి. ఆ బండి మామయ్య ఎంపికయే. డీలరును ఆయనే చూపించినారు. టాపు, బంపరు ఆయన గొంతువలననే ఉచితముగ వచ్చినవి. దానికి మామయ్య గంటల లెక్కన బాడుగ ఇచ్చుచున్నారు. పైసా తగ్గింపు లేదు. బండి తిరుగునంతసేపు గట్టుమీద గొడుగు వేసికొని నిలిచి, "రెండో గేరు! రెండో గేరు!" అని కేకలు వేయుదురు, సాయంకాలము ఎన్ని గంటలు నడిచినది, ఎక్కడ ఆగినది, ఏమి విరిగినది చిన్న పుస్తకములో వ్రాసికొందురు. పరిశోధన యట. ఆ బండి యజమాని నాతో రహస్యముగ చెప్పిన మాట యిది: తన ట్రాక్టరును గూర్చి తనకేదైన సందేహము వచ్చినచో కంపెనీ పుస్తకము చూడడు, మామయ్య పుస్తకము చూచును.

కావున పాఠకులకు ఒక మనవి. బెల్లంకొండ చుట్టుప్రక్కల చిన్నట్రాక్టరు కొనదలచిన రైతులు, సంతకము చేయకముందు మా మామయ్యనో, మీ యూర అట్టివారుండిన వారినో వెంటబెట్టుకొని పొండు. రుసుము తీసికొనరు. బయలుదేరుటకు ముందు కడుపునిండ భోజనము చేయుడు. దారిలో ఎంత విసుగు పుట్టినను "మరి మీరెప్పుడు కొంటారు?" అని మాత్రము అడుగకుడు.